ఎన్నికల నిర్వహణ, ప్రభుత్వ సేవల మీద రీసెర్చ్: పోర్టల్ డేటా ఒక్కటే నమ్ముకుంటే సరిపోతుందా?

ఫైల్‌కదలదు:

అందరికీ నమస్కారం. పబ్లిక్ పాలసీలో పీజీ చేస్తున్నా, చివరి సెమిస్టర్, డిసర్టేషన్ టాపిక్ ఇవ్వాల్సిన గడువు దాటి రెండు వారాలైంది, గైడ్ గారు మర్యాదగానే అడుగుతున్నారు గానీ ఆ మర్యాద చూస్తేనే భయమేస్తోంది. నా ఐడియా ఏంటంటే ఎన్నికలు బాగా నిర్వహించే జిల్లాల్లో ప్రభుత్వ సేవలు కూడా బాగా అందుతాయా అని చూడటం. రెండూ నడిపేది చాలావరకు ఒకే యంత్రాంగం కదా, ఓటరు లిస్టు చూసే రెవెన్యూ వాళ్ళే ఆదాయం సర్టిఫికెట్టూ చూస్తారు, బూత్‌లో కూర్చునే టీచరే మిగతా రోజుల్లో ఇంటింటి సర్వేలకి తిరుగుతారు. అందుకని ఎన్నికల వైపు నుంచి పోలింగ్ శాతం, సేవల వైపు నుంచి సర్టిఫికెట్ అప్లికేషన్లు ఎన్ని రోజుల్లో డిస్పోజ్ అయ్యాయో పోర్టల్ లెక్క, ఈ రెండూ జిల్లాలవారీగా పక్కపక్కన పెట్టి కోరిలేషన్, అంటే ఒకటి బాగున్నచోట రెండోదీ బాగుంటోందా అని, చూద్దామనుకున్నా. డేటా అంతా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, ఎండలో తిరగక్కర్లేదు, నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది ఆ ఒక్క పాయింటే.

గైడ్ గారు సినాప్సిస్ మొత్తం చదివి మార్జిన్‌లో ఒక్క ముక్క రాశారు, "ఇందులో మనుషులెక్కడ?" అని. వివరంగా అడిగితే ఆలోచించుకోమన్నారు. మూడ్రోజులు ఆలోచించా, ఏం తట్టలేదు.

పోర్టల్ డేటాతో పని అయిపోతుందా? అసలు ఎన్నికలు, సేవలు ఒకే ప్రశ్న కింద పెట్టొచ్చా, లేక రెండు వేరే టాపిక్కుల్ని నేను బలవంతంగా కలుపుతున్నానా? నాకున్నది ఆరు వారాలు, ఒక్కడినే, ఫండింగ్ సున్నా. ఇది చూసుకుని సలహా ఇవ్వండి.

లెక్కలమాస్టారు:

మీ గైడ్ గారు అడిగిన ప్రశ్నలోనే అంతా ఉందండి. మీరు తీసుకున్న రెండు కొలతలూ చూడ్డానికి బాగుంటాయి, కానీ రెండిట్లో ఒకే రోగం ఉంది.

ముందు పోలింగ్ శాతం. దానికి హారం ఏంటి? లిస్టులో ఉన్న పేర్లు. జనాభా కాదు, అర్హులూ కాదు. ఒక బూత్‌లో 1000 పేర్లున్నాయి, 600 మంది ఓటేశారు అనుకోండి, 60 శాతం. తర్వాతి ఎన్నికకి ముందు లిస్టు శుభ్రం చేస్తున్నామని 150 పేర్లు తీసేశారు, అందులో 100 నిజంగానే చనిపోయినవాళ్ళో ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళో, మిగతా 50 మంది మాత్రం ఆ ఇళ్ళల్లోనే బతికున్నారు. ఆ 50 మందిలో 30 మంది మామూలుగా ఓటేసేవాళ్ళే అనుకుందాం. ఈసారి ఓటేసింది 570 మంది, లిస్టు 850, శాతం ఎంతొచ్చింది? 67. పేపర్లో "పెరిగిన ఓటరు చైతన్యం" అని హెడ్డింగ్ పడుతుంది. 30 మంది ఓటు పోయింది, మీ కోరిలేషన్‌లో మాత్రం అది మంచి నిర్వహణ కింద పడింది.

ఇప్పుడు డిస్పోజల్ రోజులు. ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుంది? అప్లికేషన్ సిస్టమ్‌లో ఎంటరైనప్పుడు. ఆ పేపరు లేదు ఈ పేపరు లేదు అని కౌంటర్ దగ్గర నాలుగుసార్లు తిప్పి ఐదోసారి తీసుకుంటే ఆ నాలుగు తిరుగుళ్ళు డేటాలో ఉండవు. పైగా "డిస్పోజ్డ్" అంటే ఇచ్చారని కాదు, రిజెక్ట్ చేసినా డిస్పోజ్ అయినట్టే. సేవలకి గడువు పెట్టే చట్టాలు మన దేశంలో 2010లో మధ్యప్రదేశ్‌తో మొదలై చాలా రాష్ట్రాలకి వచ్చాయి, ఆలస్యానికి అధికారి మీద జరిమానా అనే ఆలోచన మంచిదే, కానీ ఆలస్యానికి ఫైన్ ఉండి రిజెక్షన్‌కి లేకపోతే గడువు రేపనగా ఫైలు ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఆ రోగం ఏంటంటే, లోపలికి వచ్చినవాళ్ళ లెక్కే మీ దగ్గరుంది. గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్ళు అందులో లేరు.

బూత్‌నంబర్‌ఏడు:

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను పోలింగ్ డ్యూటీ ఐదుసార్లు చేశా, రెండుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. తమ్ముడూ, ఒక్కటి చెప్తా విను.

పొద్దున్నే ఒకావిడ వచ్చింది, చేతిలో ఓటరు కార్డు, అన్నీ కరెక్టే, లిస్టులో పేరు లేదు. కార్డు గుర్తింపుకి మాత్రమే అమ్మా, హక్కు లిస్టులో పేరుతో వస్తుంది అని చెప్పా, రూల్ అదే. ఆవిడ "పోయినసారి ఇక్కడే ఏశాను కదయ్యా" అని ఒక పది నిమిషాలు గోడ పక్కన నిలబడి వెళ్ళిపోయింది. ఇప్పుడు నా దగ్గరున్న కాగితాలు చూద్దాం. 17ఏ రిజిస్టర్‌లో ఆవిడ ఉండదు, అందులోకి వచ్చేది పేరు దొరికి సంతకమో వేలిముద్రో పెట్టినవాళ్ళు. 17సీలో ఉండదు, అది పోలైన ఓట్ల లెక్క. డైరీలో టెండర్డ్ ఓట్లకి (తన పేరు మీద అప్పటికే ఇంకెవరో ఓటేసేస్తే వేసేవి) కాలముంది, చాలెంజ్ అయిన ఓట్లకి (ఈ మనిషి ఆ పేరువాడు కాదని ఏజెంటు అభ్యంతరం చెప్పినవి) కాలముంది, పేరు లేక వెనక్కెళ్ళినవాళ్ళకి కాలం లేదు. సాయంత్రం మిషన్ సీల్ చేసి "ప్రశాంతంగా జరిగింది" అని రాసిచ్చా. అబద్ధమేం కాదు, ప్రశాంతంగానే వెళ్ళింది ఆవిడ.

ఆ రోజు అలా ఎంతమంది వచ్చారో నాకు గుర్తున్నంతవరకు తొమ్మిదో పదో. పక్క బూత్‌లో ఎంతమందో నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. మీరు ఏ పోర్టల్ ఓపెన్ చేసినా దొరకదు.

నైట్‌షిఫ్ట్:

పైన చెప్పినదానికి ఒక పోలిక. అమెరికాలో 2000 ఎన్నికల గొడవ తర్వాత 2002లో ఒక ఫెడరల్ చట్టం తెచ్చారు, హెల్ప్ అమెరికా ఓట్ యాక్ట్ అని. ఫెడరల్ ఎన్నికల్లో లిస్టులో పేరు లేనివాడు నేను అర్హుడినే అని రాసిస్తే ప్రొవిజనల్ బ్యాలెట్ ఇవ్వాలి, అర్హత తర్వాత చెక్ చేసి అప్పుడు లెక్కలో కలపాలా వద్దా తేలుస్తారు. దాని వల్ల ఓటరుకి ఎంత లాభం అనేది పక్కన పెడితే, రీసెర్చర్‌కి మాత్రం బంగారం, ఎందుకంటే వెనక్కి తిప్పిన ప్రతి మనిషికీ ఒక కవరు మిగులుతుంది. ఎక్కడ ఎక్కువ కవర్లు పడ్డాయో అక్కడ లిస్టు తేడాగా ఉందని అనుమానించొచ్చు. కొన్ని రాష్ట్రాలకి మినహాయింపులున్నాయి, అది వదిలేయండి.

అక్కడ కూడా క్యూల విషయంలో ఇదే తిప్పలు. అధ్యక్షుడు వేసిన ఎన్నికల నిర్వహణ కమిషన్ 2014లో ఏ ఓటరూ అరగంటకి మించి లైన్లో నిలబడకూడదని ప్రమాణం పెట్టింది. బాగుంది, కానీ ఎంతసేపు నిలబడ్డారు అని ఓటేసినవాళ్ళనే అడిగితే లైను చూసి ఇంటికెళ్ళిపోయినవాడు జవాబు చెప్పడు. అంటే లైను మరీ పొడుగైపోయి జనం వెళ్ళిపోతే సగటు తగ్గి కనపడే చాన్సు కూడా ఉంది.

ఎదురుప్రశ్న:

అందరూ ఒకవైపే వాయిస్తున్నారు, నేను రెండోవైపు మాట్లాడతా, తిట్టుకున్నా పర్లేదు. లిస్టులో పేరు పోయిన ఒక్కావిడ గురించి అందరికీ బాధ, కరెక్టే. మరి చనిపోయి ఎనిమిదేళ్ళైనా లిస్టులో ఉన్నాయన? ఒకే మనిషికి రెండుచోట్ల ఓటు? పెన్షన్ లిస్టులో లేని మనిషి పేరు మీద ఎవడో డబ్బు తీసుకుంటే అది ఎవరి డబ్బు? ప్రభుత్వం లిస్టు శుభ్రం చేస్తే "ఎక్స్‌క్లూజన్", చేయకపోతే "లీకేజీ", రీసెర్చర్లకి రెండు వైపులా పేపర్లు. నేను ఆడిట్ వైపు పనిచేశా, బోగస్ పేర్లు ఊహ కాదు, కళ్ళతో చూశా. పక్కపక్క ఇళ్ళల్లో ఒకే ఫొటోతో రెండు పేర్లు చూశా.

ఒక్క మాట, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే స్మార్ట్‌కార్డుల మీద పెద్ద స్టడీ ఉంది కదా, ఉపాధి హామీ కూలీ, పెన్షన్లు బయోమెట్రిక్ కార్డుతో ఇస్తే ఏమవుతుందని. మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ చేశారు, 2016లో అచ్చయింది. 8 జిల్లాల్లో 157 మండలాలు, ఏ మండలానికి ముందు కార్డులు వెళ్ళాలో లాటరీ పద్ధతిలో తేల్చారు, మొత్తం 1.9 కోట్ల మంది జనాభా. కూలీ డబ్బులు తొందరగా వచ్చాయి, ఉపాధి హామీలో లీకేజీ మూడో వంతుకి పైగా తగ్గింది, లబ్ధిదారుల్లో 90 శాతానికి పైగా పాత పద్ధతి కన్నా ఇదే బాగుందన్నారు. మరి దీనికేం సమాధానం చెప్తారు?

నైట్‌షిఫ్ట్:

@ఎదురుప్రశ్న తిట్టుకోం, మీరన్నది సగం కరెక్ట్, ఆ సగం లేకపోతే ఈ సబ్జెక్టే లేదు. లిస్టుకి తప్పులు రెండు వైపులా ఉంటాయి, ఉండకూడనివాడు ఉండటం, ఉండాల్సినవాడు లేకపోవటం. ఒకదాన్ని తగ్గించడానికి తిప్పే నాబ్ రెండోదాన్ని పెంచుతుంది, ఎంత పెంచుతుంది అనేది కొలవాలి, అదే అసలు రీసెర్చ్.

ఓటర్ల విషయంలో దీన్ని కొలిచినవాళ్ళున్నారు. అమెరికాలో ఇంటర్‌స్టేట్ క్రాస్‌చెక్ అని ఒక ఏర్పాటు ఉండేది, రాష్ట్రాలు తమ లిస్టులు ఒకచోట పెట్టి పేరు, పుట్టినతేదీ రెండూ కలిస్తే డూప్లికేట్ అని అనుమానించేవాళ్ళు. వినడానికి గట్టిగా ఉంది కదా. కానీ ఒక గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే, ఇక కోట్ల మంది ఉన్న లిస్టులో ఒకే పేరు ఒకే తేదీ ఉన్న వేర్వేరు మనుషులు కుప్పలుగా దొరుకుతారు. గోయెల్, మెరిడిత్ వాళ్ళ టీమ్ 2020లో వేసిన పేపర్‌లో 2012 ఎన్నికలో రెండుసార్లు ఓటేసినవాళ్ళు మహా అయితే 4000 మందిలో ఒకరు అని తేలింది. క్రాస్‌చెక్ సూచించిన ఒక తొలగింపు పద్ధతి పాటిస్తే ఒక్క డబుల్ ఓటు ఆపడానికి సరైన ఓటు వేసిన రిజిస్ట్రేషన్లు దాదాపు 300 పోతాయని కూడా తేలింది. ఒకటికి మూడొందలు! నాబ్ ఎక్కడ పెట్టాలో మీ ఇష్టం, కానీ ఈ నిష్పత్తి తెలీకుండా తిప్పకూడదు.

మన దగ్గర అదే మ్యాచింగ్ పెడితే ఇంకా కామెడీ. పుట్టినతేదీ తెలియనోళ్ళకి జనవరి 1 అని వేసేస్తారు, అలాంటి జనవరి 1 వాళ్ళు ఎంతమందో. మరోవైపు లక్ష్మి అనే పేరు ఇంగ్లీషులో ఒక రికార్డులో ఎక్స్‌తో, ఇంకో రికార్డులో కేఎస్‌హెచ్‌తో ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక ఒకచోట పొడి అక్షరం. అంటే వేరేవాళ్ళు ఒకరైపోతారు, ఒకరే ఇద్దరైపోతారు.

స్మార్ట్‌కార్డుల స్టడీ మీరు చెప్పింది కరెక్టే, కానీ అందులో ఒక చిన్న విషయం వదిలేశారు, కార్డు లేనివాళ్ళకి డబ్బు ఆపలేదు. రెండేళ్ళ తర్వాత కూడా ఆ మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కార్డు మీద జరిగేవి, మిగతావాళ్ళు పాత పద్ధతిలోనే తీసుకున్నారు. అదే టీమ్ తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు చూసింది, అక్కడ సగటున లీకేజీ తగ్గలేదు, పైగా ముందు నుంచీ ఆధార్ లింక్ లేని కుటుంబాలకి వచ్చే సరుకు విలువ దాదాపు 10 శాతం పడిపోయింది. వేలిముద్ర రెండుచోట్లా వేలిముద్రే, మిషన్ "కాదు" అన్నప్పుడు మనిషికి వేరే దారి ఉందా లేదా అన్నదాంట్లోనే తేడా.

ఎదురుప్రశ్న:

సరే, 300 లెక్క నేను చూడలేదు, చదువుతా. కానీ అది వాళ్ళ దేశం, వాళ్ళ లిస్టు, ఇక్కడ ఒకటికి మూడొందలు అని ఎవరూ చెప్పలేరు, ఇక్కడ ఒకటికి మూడు కూడా కావచ్చు. పోస్ట్ పెట్టినాయన కొలిచి చెప్తే నమ్ముతా.

లెక్కలమాస్టారు:

ఇదిగో ఇది పనికొచ్చే గొడవ. ఒకటికి మూడా మూడొందలా అనేది ఊరికే వాదించుకుంటే తేలదు.

రెండో ప్రశ్న మర్చిపోయారు అందరూ, ఎన్నికలు సేవలు కలపొచ్చా అని. కలపొచ్చండి, దానికి నాకు తెలిసి అందమైన ఉదాహరణ బ్రెజిల్. అక్కడ పేపర్ బ్యాలెట్ ఉన్నప్పుడు అభ్యర్థి పేరో నంబరో రాయాలి, చదువు తక్కువున్నవాళ్ళు తప్పు రాసి ఓటు చెల్లకుండా పోయేది. 1998 ఎన్నికలో 40,500 మంది కన్నా ఎక్కువ ఓటర్లున్న మునిసిపాలిటీల్లో ఎలక్ట్రానిక్ మిషన్ పెట్టారు, తక్కువున్నచోట పేపరే. 40,400 ఓటర్ల ఊరికీ 40,600 ఓటర్ల ఊరికీ వేరే తేడా ఏముంటుంది, మిషన్ ఒక్కటే. ఫుజివారా అనే ఆయన ఆ గీతకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళు పోల్చి, చెల్లని ఓట్లు బాగా తగ్గాయని, దానివల్ల ఎక్కువగా చదువు తక్కువున్నవాళ్ళ ఓట్లే కొత్తగా లెక్కలోకి వచ్చాయని చూపించాడు. అక్కడితో ఆగలేదు. మిషన్లు రాష్ట్రాలకి ఒక్కోసారి వచ్చిన క్రమం పట్టుకుని చూస్తే ప్రభుత్వ ఖర్చు ఆరోగ్యం వైపు జరిగింది, చదువు తక్కువున్న తల్లులు గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళటం పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు, చదువుకున్న తల్లుల్లో ఆ మార్పు లేదు. 2015లో అచ్చయింది. బ్యాలెట్ డిజైన్ నుంచి పసిబిడ్డ బరువు దాకా దారం తెగకుండా లాక్కొచ్చాడు.

కానీ మీరు ఆరు వారాల్లో బ్రెజిల్ చేయలేరు, జిల్లాల కోరిలేషన్‌తో అసలే చేయలేరు. మంచి జిల్లాలో రెండూ బాగుంటే దానికి కారణం చదువు కావచ్చు, రోడ్లు కావచ్చు, కలెక్టరు కావచ్చు. ఈ కారణాల గోల వదిలేసి ఒక వాస్తవాన్ని సరిగ్గా కొలిస్తే చాలు.

ఫైల్‌కదలదు:

అందరికీ థ్యాంక్స్, రాత్రంతా చదివా. కొత్త ఐడియా ఇది, చెప్పండి ఎలా ఉందో. ఓటరు లిస్టు పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి (ఇమేజ్‌లా ఉంది, సెర్చ్ పనిచేయట్లేదు, చేత్తోనే టైప్ చేస్తా) అందులోంచి 200 పేర్లు ర్యాండమ్‌గా తీసి ఆ ఇళ్ళకి వెళ్ళి మనిషి ఉన్నారా లేదా చూస్తా. ఉంటే వాళ్ళనే రేషన్, పెన్షన్ గురించి అడుగుతా. రెండు లిస్టుల తప్పులూ ఒకే దెబ్బకి తెలుస్తాయి కదా?

లెక్కలమాస్టారు:

సగమే తెలుస్తుంది. లిస్టు పట్టుకుని ఇంటికి వెళ్తే దొరికేది ఉండకూడని పేర్లు, చనిపోయినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు. లిస్టులో లేని మనిషి మీ 200లోకి ఎలా వస్తాడు? బూత్‌నంబర్‌ఏడు గారు చెప్పినావిడ మీకు ఈ జన్మలో దొరకదు.

అందుకే ఈ పని చేసేవాళ్ళు రెండు దిక్కులా నడుస్తారు. లిస్టు నుంచి మనిషి దగ్గరికి ఒకసారి, మనిషి నుంచి లిస్టు దగ్గరికి ఒకసారి. రెండోదానికి లిస్టు అక్కర్లేదు, ముందు ఇళ్ళు కావాలి. ఒక ప్రాంతం తీసుకుని మీరే గడపగడపకీ నంబరు వేసుకోండి, షాపు వెనక గది, మేడ మీద షెడ్డు, తాళం వేసిన ఇల్లు, అన్నీ. తాళం వేసినవాటికి రెండోసారి మూడోసారి వెళ్ళాలి, వేరే వేళలో, లేకపోతే పగలు పనికెళ్ళేవాళ్ళంతా జారిపోతారు, లిస్టుల్లోంచి జారిపోయేది కూడా ఎక్కువగా వాళ్ళే. ఆ నంబర్లలోంచి ఇళ్ళు ర్యాండమ్‌గా ఎంచి, ఇంట్లో 18 దాటిన ప్రతి ఒక్కరినీ రాసుకుని, తర్వాత తీరిగ్గా కూర్చుని లిస్టులో వెతకండి. ఆ ఇంట్లో ఎవరికి ఏ పథకం అర్హత ఉంది, ఎవరికి వస్తోంది అనేది కూడా అప్పుడే.

200 మందిలో 10 శాతం మంది లిస్టులో లేరని తేలితే దాని అటూ ఇటూ 4 పాయింట్ల తేడా ఉంటుంది, ఒకే ఇంట్లో మనుషులు ఒకేలా ఉంటారు కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువ. రాష్ట్రం గురించి ఏం మాట్లాడలేరు. పర్లేదు, మీ ప్రశ్న రాష్ట్రం గురించి కాదు.

మీ ప్రశ్న ఏంటో నేను చెప్తా, నచ్చితే తీసుకోండి: ఓటరు లిస్టులో లేని మనిషే లబ్ధిదారుల లిస్టులో కూడా లేడా? అద్దె ఇళ్ళు మారేవాళ్ళు, పెళ్ళై వచ్చిన కోడళ్ళు, ముసలివాళ్ళు, వీళ్ళు రెండుచోట్లా పోతున్నారా, లేక ఒక్కోచోట ఒక్కో రకం జనం పోతున్నారా? ఒకళ్ళే అయితే తప్పు మూలంలో ఉంది, అడ్రసు కాగితం లాంటి దాంట్లో. వేర్వేరు అయితే ఒక్కో ఆఫీసు ఒక్కో తప్పు చేస్తోంది. మీరు మొదట అడిగిన "ఒకే యంత్రాంగం కదా" అనే ప్రశ్న ఇదే, మనుషుల వైపు నుంచి అడిగితే.

నైట్‌షిఫ్ట్:

సూపర్ ప్రశ్న. ఒకటి కలుపుతా. అమెరికాలో విస్కాన్సిన్‌లో అడ్రసు మారారని అనుమానించిన ఓటర్లకి లెటర్లు పంపారు, 2018 ఎన్నికలో వాళ్ళలో కనీసం 4 శాతం మంది పాత అడ్రసులోనే ఓటేశారని ఒక టీమ్ 2021లో తేల్చింది, అంటే వాళ్ళు అసలు మారనేలేదు. మైనారిటీల్లో ఈ తప్పు దాదాపు రెట్టింపు. సగటు 4 అని చెప్పి వదిలేస్తే చిన్నదే, ఎవరి మీద పడిందో విడగొడితే కథ వేరు. కాబట్టి సొంతిల్లా అద్దిల్లా, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, చదువు, ఇవి తప్పకుండా రాసుకోండి.

ఇంకోటి, బీహార్‌లో 2025లో ఓటరు లిస్టు ప్రత్యేక సవరణ చేసినప్పుడు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు రాలేదు, ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ పేర్లని కారణాలతో సహా బయటపెట్టమంది. సవరణ మంచిదా చెడ్డదా అని ఇక్కడ మొదలెట్టకండి ప్లీజ్. నేను చెప్పేది ఏంటంటే తీసేసిన పేర్లు, కారణం అనే కాలం, రెండూ కలిపి దొరకటం అరుదు. మీ ఏరియాలో తొలగింపుల లిస్టు దొరికితే మీ ఇళ్ళ సర్వేతో పోల్చొచ్చు, "వేరేచోటికి వెళ్ళారు" అని రాసిన మనిషి మీకు తలుపు తీస్తే ఇక అంతకన్నా డేటా ఏం కావాలి.

ఎదురుప్రశ్న:

దీనికి నేనూ ఓటేస్తా. కానీ లిస్టు నుంచి మనిషికి వెళ్ళే దిక్కు మానేయొద్దు, 100 పేర్లైనా అలా చెయ్యి. లేకపోతే పోయినవాళ్ళ లెక్క ఉంటుంది, బోగస్ లెక్క ఉండదు, మళ్ళీ నేనొచ్చి గొడవ చేస్తా.

బూత్‌నంబర్‌ఏడు:

ఫీల్డ్ మాటలు కొన్ని చెప్తా. సర్వే అని చెప్పి ఇంటికెళ్తే జనం మొదట అడిగేది "పేరు తీసేస్తారా?" అనే. కాబట్టి ఏ ఆఫీసు తరఫునా రాలేదని కాలేజీ లెటర్ చూపించి మొదటే చెప్పు, పథకం ఇప్పిస్తావేమో అన్న ఆశ కూడా పెట్టొద్దు. ఎవరికి ఓటేశారని పొరపాటున కూడా అడగకు, నీకు అక్కర్లేదు, అడిగితే మిగతా జవాబులు కూడా పాడైపోతాయి.

"సేవలు బాగున్నాయా" అని అడిగితే అందరూ బాగున్నాయనే అంటారు, చేతిలో పెన్నున్న కొత్త మనిషితో ఎవరు బాగోలేదంటారు. ఆఖరిసారి ఏ కాగితం కోసం వెళ్ళారు, ఎన్నిసార్లు వెళ్ళారు, మొదటిసారి ఏమని పంపేశారు, ఆ రోజు పని పోయిందా, ఎవరికైనా డబ్బులిచ్చి రాయించారా, మధ్యలో వదిలేశారా, ఇలా అడుగు. "వదిలేశాం" అన్నవాళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చో. వాళ్ళు ఏ పోర్టల్‌లోనూ లేరు.

ఆఫీసుల వాళ్ళని కూడా శత్రువులు అనుకోకు. బీఎల్వో (బూత్ లెవెల్ ఆఫీసర్, ఆ బూత్ ఓటరు లిస్టు చూసే మనిషి) మీద లిస్టు సవరణ ఒకవైపు, సొంత ఉద్యోగం ఇంకోవైపు. ఆయన్ని కూర్చోబెట్టి ఒక పేరు తీసేయాలంటే ఏమేం చేయాలి, ఎంత టైమ్ ఇస్తారు అని అడిగితే నీకు సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

లెక్కలమాస్టారు:

తిరగడం కష్టమైతే రెండో విడత ఫోన్లతో చేసుకోవచ్చు. 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు జరిగిన స్టడీ ఒకటి చూడండి. ఎకరాకి 4000, 57 లక్షల మంది రైతులు. లాటరీలో వచ్చిన కొన్ని మండలాల అధికారులకి, మీ రైతులకి ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటాం అని ముందే చెప్పారు. అంతే చేసింది. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8 శాతం తగ్గింది, అదనంగా రైతుకి చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు నాలుగు పైసల లోపు. అందనివాడిని ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తేనే ఈమాత్రం కదిలింది.

ఫోన్ లేనివాళ్ళు, నంబరు మారినవాళ్ళు మళ్ళీ జారిపోతారు, అది గుర్తుపెట్టుకోండి. అందుకే మొదటి విడత కాళ్ళతోనే.

ఫైల్‌కదలదు:

కొత్త సినాప్సిస్ పంపా. రెండు పోలింగ్ బూత్‌ల పరిధి, ముందు గడపల లిస్టు, 80 ఇళ్ళు, లిస్టు నుంచి వెనక్కి 100 పేర్లు (ఎదురుప్రశ్న గారి భయంతో). పోర్టల్ డేటా పూర్తిగా తీసేయలేదు, ఒక చాప్టర్‌లో పెట్టి నా ఇళ్ళ లెక్కకీ దానికీ తేడా ఎక్కడొచ్చిందో చూపిస్తా.

గైడ్ గారి రిప్లై ఇప్పుడే వచ్చింది, "మనుషులు వచ్చారు, ఇప్పుడు టైమ్ ఎక్కడ?" అని. ఓకే అన్నట్టేనా ఇది?

బూత్‌నంబర్‌ఏడు:

ఓకే అన్నట్టే. ఆదివారం పొద్దున్నే మొదలెట్టు, అందరూ ఇంట్లో ఉంటారు. పెన్నులు రెండు తీసుకెళ్ళు, తాళం వేసిన ఇళ్ళకి వేరే పేజీ పెట్టుకో.